ఇటుకలు మోసిన తిత్తి: శ్రీకాకుళం జిల్లాలో ఒక చర్చి ఆర్గన్ మరమ్మతు కేసు

నేపథ్యం

శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పాత చర్చిలో చిన్న పైప్ ఆర్గన్ ఉంది. ఊరి పేరు, సంఘం పేరు, ఆర్గన్ చేసిన కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. నేను విజయనగరంలో హార్మోనియంలు, కాలితో తొక్కే రీడ్ ఆర్గన్లు బాగుచేస్తాను. ఈ రెండు జిల్లాల్లో ఆ పని తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారు. ఏ చర్చిలోనైనా పైప్ ఆర్గన్ పాడైతే ముందు మమ్మల్నే పిలుస్తారు. మన చేతికి అలవాటైన పని ఆ పెద్ద వాద్యంలో ఎంతవరకు ఉపయోగపడుతుంది, ఎక్కడ హాని చేస్తుంది అనేది ఈ కేసులో బాగా తెలిసింది. అందుకే వివరంగా రాస్తున్నాను.

హార్మోనియంలో స్వరాన్ని నిర్ణయించేది రీడ్ అనే సన్న ఇత్తడి రేకు. శ్రుతి తప్పితే రీడ్ కొసనో మొదలునో కాస్త గీకుతాం. ఎండైనా వానైనా దాని శ్రుతి పెద్దగా కదలదు. గాలి కాస్త గట్టిగా కొట్టినా అంతే. పైప్ ఆర్గన్‌లో మామూలు గొట్టాల్లో పలికేది లోహం కాదు, లోపల నిలిచిన గాలి. గొట్టం 8 అడుగులుంటే మంద్ర 'సి' (C) స్వరం పలుకుతుంది, 4 అడుగులైతే దాని పై స్థాయి. పైన మూత పెట్టిన గొట్టమైతే సగం పొడవుతోనే అదే స్వరం ఇస్తుంది. గాలి వేడెక్కితే అందులో ధ్వని వేగం పెరుగుతుంది, శ్రుతి పైకి పోతుంది. గాలి ఒత్తిడి పెరిగినా శ్రుతి కొంత ఎక్కుతుంది, అదీ అన్ని గొట్టాల్లో సమానంగా కాదు. కాబట్టి శ్రుతి తప్పిందని ఎవరన్నా చెబితే ఆకురాయి కోసం చెయ్యి చాచే అలవాటు ఇక్కడ మానుకోవాలి.

మనం చూస్తున్న ఆర్గన్ చిన్నదే. ఒక కీబోర్డు, 54 మెట్లు, 5 స్టాపులు (లాగితే ఒక్కో గొట్టాల వరుసకు గాలి వదిలే పిడులు), అంతా కలిపి సుమారు 250 గొట్టాలు. ముందు వరుసల్లో సీసం, తగరం కలిపిన గొట్టాలు, వెనకాల గోడ వైపు మూత ఉన్న చెక్క గొట్టాలు. పెద్ద ఆర్గన్లతో పోల్చితే ఇది ఏపాటిది కాదు. ఇంగ్లండులో లివర్‌పూల్ కెథడ్రల్ ఆర్గన్‌కి 10 వేలకు పైగా గొట్టాలున్నాయి. పారిస్‌లో సేంట్ సుల్పీస్ చర్చి కోసం కవాయే-కోల్ 1862లో పూర్తిచేసిన ఆర్గన్‌కి 5 కీబోర్డులు, 100 స్టాపులు. అంత పెద్దవాటిలో ఒక్కో విభాగానికి విడిగా గాలి తిత్తి ఉంటుంది. కవాయే-కోల్ అయితే కింది స్వరాలకు ఒక ఒత్తిడి, పై స్వరాలకు మరో ఒత్తిడి కూడా ఇచ్చాడు. అలాంటి చోట ఒక తిత్తి పాడైతే ఒక విభాగమే మూలుగుతుంది. మన చిన్న ఆర్గన్‌కి ఉన్నది ఒకే తిత్తి. దానికి జబ్బు చేస్తే వాద్యం మొత్తానికీ చేసినట్టే.

నిలకడైన గాలి ఎలా ఇవ్వాలన్నదే ఈ వాద్యం పుట్టిననాటి ప్రశ్న. క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో క్టెసీబియస్ చేసిన తొలి ఆర్గన్‌లో నీళ్లు వాడారు. ఆ నీళ్లు మోగడానికి కాదు, పంపు కొట్టేటప్పుడు పడే కుదుపును తమ బరువుతో సర్ది, గాలిని ఒకే ఒత్తిడిలో నిలపడానికి. తర్వాత నీటి చోట తోలు తిత్తి, దాని మీద బరువు వచ్చాయి. మన ఆర్గన్‌లో ఉన్న రకం తిత్తికి మడతలు రెండు అంచెలుగా ఉంటాయి. ఒక అంచె లోపలికి, ఒక అంచె బయటికి మడుస్తుంది. తిత్తి దిగుతున్న కొద్దీ ఒక మడత ఒత్తిడి పెంచితే రెండోది తగ్గిస్తుంది, మొత్తం మీద గాలి ఒకే తీరుగా వస్తుంది. ఈ ఏర్పాటు చూసినప్పుడల్లా చేసినవాళ్ల మీద నాకు గౌరవం కలుగుతుంది.

వచ్చిన ఫిర్యాదు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు కూలిన ఆ రోజే ఈ చర్చి పైకప్పు పెంకులు కూడా లేచిపోయాయి. ఆర్గన్ మీద వాన పడింది. కప్పు వెంటనే వేయించారు గానీ ఆర్గన్ మాత్రం అప్పటి నుంచి కుదురుగా లేదు. నన్ను పిలిచేసరికి చెప్పిన బాధలు మూడు. పెద్ద పాటల్లో అన్ని స్టాపులూ లాగి వాయిస్తే శబ్దం మధ్యలో కుంగిపోతోంది. ఒక స్వరం వేలు తీసినా ఆగడం లేదు. మూడోది, అందరికీ టెన్షన్ పెట్టిందీ, క్వయర్ వాళ్ల ఎలక్ట్రానిక్ కీబోర్డుతో ఆర్గన్ కలవడం లేదు.

ఆర్గన్ వాయించేది రిటైరైన ఒక టీచరమ్మ. అందరూ మూడో బాధను మరమ్మతు లోపంగానే చూశారు. ఆవిడ మాత్రం ఒక మాట విడిగా చెప్పారు: "క్రిస్మస్‌కి రెండూ కలుస్తాయి మాస్టారూ. ఈస్టర్ వచ్చేసరికి విడిపోతాయి. తుపాను కన్నా ముందు నుంచీ ఇంతే." ఈ కేసులో నాకు దొరికిన మొదటి ఆధారం ఇదే. పాడైన వస్తువు పండగ చూసుకుని బాగుపడదు కదా. మూడో బాధకు తుపానుతో సంబంధం లేకపోవచ్చని అక్కడే అనుమానం వచ్చింది.

అంతకు ముందు జరిగిన పనులు

నాకన్నా ముందు ఇద్దరు ముగ్గురు చేతులు పెట్టారు. తిత్తి మడతల్లో తోలు ఊడిన చోట ఒకరు రెక్సిన్ ముక్కలు తెల్ల బంకతో అతికారు. రెక్సిన్ మడత పడ్డ చోట చిట్లింది. ఆ బంక తర్వాత చేసే పనికి అడ్డం కూడా. తోలు కాచి తీసే పాత బంక అయితే వేడినీటి గుడ్డ వేస్తే వదిలేస్తుంది, ఇది చెక్కను పీక్కుని గానీ రాదు.

శబ్దం కుంగుతోందని ఇంకొకరు తిత్తి పై పలక మీద ఇటుకలు పేర్చారు. పది ఇటుకలు, ఒక్కోటి దాదాపు 3 కిలోలు. ఆ తర్వాత వేరే ఊరి నుంచి శ్రుతి చేసేవారిని రప్పించారు. ఆయన వచ్చింది ఏప్రిల్‌లో. ఆ ఇటుకలు అలాగే ఉండగా, ఆ ఎండలో, ఆర్గన్‌ని క్వయర్ కీబోర్డు శ్రుతికి దించడానికి చేతికందిన ముందు వరుసల గొట్టాల పై కొస నోళ్లు ఇత్తడి కోన్‌తో నొక్కి మూశారు. సీసం మెత్తన. కొన్ని నోళ్లు లోపలికి ముడుచుకుపోయాయి, మూడు చిరిగాయి.

వీళ్లెవరూ చెడ్డ ఉద్దేశంతో చేసినవారు కారు. ఒక్కొక్కరూ తమకు వినబడిన లోపాన్ని అది వినబడిన చోటే సరిచేయబోయారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ముందు గాలి, చివర గొట్టం

నేను పెట్టుకున్న నియమం ఒకటే: గాలి ఒత్తిడి కొలిచి, సరిచేసి, అది నిలిచేదాకా ఏ గొట్టాన్నీ ముట్టుకోకూడదు. కొలవడానికి తాపీమేస్త్రులు వాడే లెవెల్ పైపు చాలు. పారదర్శకంగా ఉండే ఆ సన్న పైపును ఒక మూర ముక్క కోసి, యు ఆకారంలో వంచి, చెక్కకు కట్టి, సిరా కలిపిన నీళ్లు పోశాను. పక్కనే స్కేలు. ఒక కొస గాలిపెట్టె (గొట్టాలు నిలబడి ఉండే పెట్టె) మీద ఒక గొట్టం తీసిన రంధ్రంలో బిగించి ఆ మెట్టు నొక్కితే, రెండు పక్కల నీటి మట్టాల తేడాయే ఒత్తిడి.

ఏమీ వాయించనప్పుడు తేడా 3.6 అంగుళాలు. అన్ని స్టాపులూ లాగి రెండు చేతులా స్వరాలు పట్టి ఉంచితే 2 అంగుళాల కిందకి జారిపోయింది. తిత్తి తేలుతున్నంత సేపు ఒత్తిడిని నిర్ణయించేది దాని మీది బరువే. బరువు పెంచితే ఒత్తిడి పెరుగుతుంది గానీ లోపలికి వచ్చే గాలి పెరగదు. పైగా ఒత్తిడి ఎక్కువైతే చిల్లుల్లోంచి పోయే గాలీ ఎక్కువే. తిత్తి తొందరగా అడుగంటుతుంది, అడుగంటాక బరువు ఎంతున్నా ఒత్తిడి ఉండదు. అంటే శబ్దం కుంగకుండా పెట్టిన ఇటుకలే దాన్ని ఇంకా కుంగదీస్తున్నాయి. మామూలుగా వాయించేటప్పుడు శ్రుతిని పైకి నెడుతున్నదీ అవే.

ఇది చెప్పి ఇటుకలు దించుతుంటే సంఘపెద్ద ఒకాయన ఊరుకోలేదు. "ఇటికలు తీసీస్తే సౌండు పడిపోద్ది కదేటండి మాస్టారూ? అవి పెట్టినాకే కదా మళ్లీ పలికింది!" ఆయన మాటలో అబద్ధం లేదు. ఇటుకలు పెట్టిన రోజు నిజంగానే పలికింది, అప్పటికి చిల్లులు చిన్నవి. నీటి పైపు ఆయన చేతికే ఇచ్చి, ఇటుకలతో ఒకసారి, లేకుండా ఒకసారి వాయించి చూపించాం. అంకెలు చూశాక ఆయనే పక్కకు దించారు. సంఘాన్ని ఒప్పించడానికి నా వివరణ కన్నా ఆ పైపే ఎక్కువ పనిచేసింది.

ఇప్పుడు అసలు ఒత్తిడి ఎంత ఉండాలి? ఇది నా చెవితో తేల్చే విషయం కాదు. ఆర్గన్ చేసినవాళ్లు ఒక అంకె అనుకుని ప్రతి గొట్టానికీ కింద గాలి తగిలి పలికే సందు కోశారు, ఆ అంకె వెతకాలి. తిత్తి పలక మీద నాలుగు చోట్ల దీర్ఘచతురస్రంగా తుప్పు మరకలున్నాయి. వాటి మీద ఉన్న ఇనుప దిమ్మలు మాత్రం మూడే. నాలుగోది ఏమైందని అడిగితే తెలియదన్నారు. తర్వాత పక్క తలుపు గాలికి కొట్టుకోకుండా దాని కింద పెట్టిన దిమ్మ మీద 28 అనే అంకె చూశాం. మిగతా మూడింటి మీదా అదే అంకె. అది కిలోలు కాదు, పౌన్లు. ఒక్కో దిమ్మ 12.7 కిలోలు.

ఇక్కడ లెక్క తేలిక. చదరపు మీటరుకు ఒక కిలో బరువు పెడితే ఒక మిల్లీమీటరు నీటి ఒత్తిడి వస్తుంది. మన తిత్తి పలక 4 అడుగులకు 3 అడుగులు, అంటే 1.11 చదరపు మీటర్లు. తోలు పనికి విప్పినప్పుడు పలకను తూస్తే 34 కిలోలు. దానికి నాలుగు దిమ్మలు కలిపితే దాదాపు 85 కిలోలు. ఒత్తిడి 76 మిల్లీమీటర్లు, సరిగ్గా 3 అంగుళాలు. ఇలాంటి చిన్న చర్చి ఆర్గన్లకు మామూలుగా ఉండే ఒత్తిడే ఇది. నాకు సాక్ష్యం ఇంకొకటి కూడా కావాలనిపించింది. వెనక వరుస చెక్క గొట్టాల్ని గోడ అడ్డం వల్ల శ్రుతి చేసినాయన అందుకోలేదు. మూతల కాడల మీద పాత మురికి గీత చెక్కుచెదరకుండా ఉంది, అంటే ఏళ్లుగా అవి కదల్లేదు. 3 అంగుళాల దగ్గర ఆ వరుస తనలో తాను చక్కగా కలిసింది. ఇటుకల ఒత్తిడి దగ్గర పై స్వరాలు చెదిరాయి. రెండు సాక్ష్యాలూ ఒకే మాట చెప్పాయి కాబట్టి 3 అంగుళాలు ఖాయం చేశాం.

ఫలించని ప్రయత్నాలు

క్రిస్మస్ దగ్గర పడింది. తిత్తి మొత్తం విప్పితే పండక్కి ఆర్గన్ ఉండదు. అందుకని చిల్లుల మీద పైనుంచి పలచని తోలు పట్టీలు వేసి చూశాం. పండగ గడిచింది. కానీ ఒకచోట మూస్తే పక్కన లేచింది. వానలో నానిన పాత బంక అంతటా బలం కోల్పోయిందని దీంతో తేలింది. పూర్తిగా విప్పక తప్పదని సంఘాన్ని అడగడానికి ఈ ఫలితమే ఆధారమైంది.

హార్మోనియం తిత్తులకు మేం వాడే మేకతోలు వేసి చూస్తే మూలల్లో బిరుసుగా నిలిచింది, తిత్తి సాఫీగా దిగలేదు. పలచని గొర్రెతోలు చెన్నై నుంచి తెప్పించాం. మడతలన్నీ తోలు బంకతోనే అతికించాం, తెల్ల బంక దగ్గరికి పోలేదు. రేపు ఇంకొకరు విప్పవలసి వస్తే చెక్క పాడవకూడదు.

స్టాపులు లాగితే కదిలే చెక్క పట్టీలు వానకి ఉబ్బి బిగుసుకున్నాయి. చిత్రిక పట్టేద్దామని అక్కడి వడ్రంగి అన్నాడు. నేను ఒప్పుకోలేదు. శ్రావణంలో చెక్క ఉబ్బిందని చిత్రిక పడితే వైశాఖంలో అదే పట్టీ వదులై ఒక వరుస గాలి ఇంకో వరుసలోకి పోతుంది. చలికాలం పొడి వచ్చేదాకా ఆగి, పట్టీలు తీసి, గ్రాఫైట్ పొడి రుద్దాం. అంతటితో సరిపోయింది. గాలిపెట్టెలో ఒక పగులుకు మాత్రం చెక్క వేయాలి. దానికి బొబ్బిలి దగ్గర గొల్లపల్లి నుంచి వీణలు చేసే ఒకాయనను పిలిపించాను. వీణకు వాడే పనస కర్ర కాకుండా, కూల్చిన ఇంటి ద్వారబంధం టేకు తెమ్మన్నారాయన. ఎన్నో ఎండలూ వానలూ చూసిన కర్ర ఇక కదలదని ఆయన లెక్క. ఆ ముక్క అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా తెలియదు. ఆగకుండా మోగే స్వరం సంగతి చిన్నదే. మెట్టు కింది మూతను పట్టే పిన్ను తుప్పు పట్టి మూత పూర్తిగా పడటం లేదు. పిన్ను మార్చాం.

ఇంతా చేశాక ఒత్తిడి నిలిచింది, శబ్దం కుంగడం పోయింది. కానీ శ్రుతి ఆరాధన మధ్యలో ఇంకా కదులుతోంది. మొదటి పాటకు బాగున్నది మూడో పాటకు వరుసల మధ్య విడిపోతోంది. రాత్రి చల్లబడ్డాక శ్రుతి చూస్తే ఏ తేడా లేదు.

పనిచేసినవి

గాలి ఎక్కడి నుంచి వస్తోందో అప్పుడు వెతికాను. ఒకప్పుడు చేత్తో కొట్టే పంపు స్థానంలో కరెంటు బ్లోయర్ పెట్టారు. అది చర్చి వెనక సిమెంటు రేకుల గదిలో ఉంది. ఏప్రిల్ ఉదయం పది గంటలకు చర్చి లోపల 34 డిగ్రీలుంటే ఆ గదిలో 43. బ్లోయర్ ఆ గది గాలినే పీల్చి ఆర్గన్‌లోకి పంపుతోంది. సన్న గొట్టాలు వేడిగాలితో వెంటనే నిండుతాయి, పెద్ద చెక్క గొట్టాలు మెల్లగా వేడెక్కుతాయి. వాయించే కొద్దీ అవి ఒకదాన్నుంచి ఒకటి దూరం జరగడం అందుకే. బ్లోయర్‌ను కదపలేదు. దాని నోటికి ప్లైవుడ్ గొట్టం కట్టి గోడలో రంధ్రం చేసి చర్చి లోపలి గాలినే పీల్చేలా పెట్టాం. నోటి దగ్గర దుమ్ము ఆపే గుడ్డ, ఎలకలు రాకుండా వల. ఖర్చు తక్కువ, ఫలితం ఆ ఆదివారమే వినబడింది.

ఆ తర్వాతే గొట్టాల జోలికి వెళ్లాను. ముడుచుకున్న నోళ్లను కోన్‌తో మెల్లగా విప్పి, వెనక చెక్క వరుసను ఆధారంగా పెట్టుకుని శ్రుతి చేశాం. ఫ్యాన్లు ఆపి, తలుపులు ఆరాధన సమయంలో ఉన్నట్టే తెరిచి, జనం కూర్చునే వేళకే ఆ పని పెట్టుకున్నాం. చిరిగిన మూడింటికి పలచని రేకు చుట్టి, ఆ రేకును పైకీ కిందకీ జరిపి స్వరం కుదిర్చాం.

అప్పుడు 34 డిగ్రీల దగ్గర మధ్య 'ఏ' (A) స్వరం 449 హెర్ట్జ్ వచ్చింది. క్వయర్ కీబోర్డు 440. తేడా అరస్వరంలో మూడో వంతు. ఆర్గన్‌ని 440కి దించమని క్వయర్ కుర్రాళ్లు గట్టిగా అడిగారు. నేనెందుకు ఒప్పుకోలేదో చెప్పాలి. 1896లో లండన్ వాళ్లు 20 డిగ్రీల దగ్గర 439ని ప్రమాణంగా తీసుకున్నారు. ఆ 439 గొట్టాన్ని 34 డిగ్రీల్లో పెడితే లెక్క ప్రకారం 449 వస్తుంది. డిగ్రీకి దాదాపు 3 సెంట్లు, అరస్వరానికి 100 సెంట్లు. అంటే ఈ ఆర్గన్ పాడవలేదు, తనను ఏ శ్రుతికి చేశారో ఆ శ్రుతిలోనే మన ఎండను పలుకుతోంది. డిసెంబరు తెల్లవారు ఆరాధనకు 20 డిగ్రీలుంటే 439కి వస్తుంది, కీబోర్డుతో కలుస్తుంది. టీచరమ్మ మాట అక్షరాలా నిజం. ఏప్రిల్‌లో 440కి నొక్కేస్తే క్రిస్మస్‌కి 430 అవుతుంది, మళ్లీ ఎవరో వచ్చి నోళ్లు విప్పుతారు. మెత్తటి సీసం ఎన్నిసార్లు తట్టుకుంటుంది?

కదలగలిగింది కీబోర్డు. అందులో ట్యూనింగ్ సెట్టింగ్ ఉంది, బటన్లతో హెర్ట్జ్ మార్చుకోవచ్చు. ఆరాధన ముందు టీచరమ్మ 'ఏ' స్వరం పట్టి ఉంచుతారు, క్వయర్ అబ్బాయి ఫోన్‌లో ట్యూనర్ చూసి కీబోర్డును దానికి తెస్తాడు. ఒక నిమిషం పని. హార్మోనియానికి ఆ వీలు లేదు, అందుకని హార్మోనియం, డోలక్‌తో పాడే కీర్తనలకు ఆర్గన్ మౌనంగా ఉంటుంది. సంఘానికి ఇది లోటుగా అనిపించలేదు. కీర్తన నడక వేరు, దానికి హార్మోనియమే తగినది.

మా పనివాళ్లకు

మనవాళ్లెవరికైనా ఇలాంటి వాద్యం ఎదురైతే నేను గట్టిగా చెప్పేది పని క్రమం గురించే. బ్లోయర్ ఏ గాలి పీలుస్తోంది, తిత్తి ఎక్కడ కారుతోంది, దాని మీద ఎంత బరువుంది, అది అసలు బరువేనా అని చూశాక గాలిపెట్టె. గొట్టం నోటి దగ్గరికి చివర. ముందువాళ్లు అందుకోలేని చోటు ఏదో వెతకండి, పాత శ్రుతికి సాక్ష్యం అక్కడే మిగిలి ఉంటుంది. రోజూ వాయించేవాళ్లు చెప్పే మాట ఎంత మామూలుగా అనిపించినా రాసిపెట్టుకోండి. వాద్యం వాళ్ల వేళ్లకు తెలిసినంతగా మనకు ఒకరోజులో తెలియదు.

ఇంకా మిగిలినవి

రేకు చుట్టిన మూడు గొట్టాలు పలుకుతున్నాయి గానీ అది శాశ్వతం కాదు. సీసం, తగరం గొట్టాన్ని కరిగిపోకుండా అతకడం నాకు చేతకాని పని, ఇక్కడ చేసేవాళ్లూ నాకు తెలియదు. ప్రయోగం చేయనివ్వమని ఒకరు అడిగితే సంఘం వద్దంది, ఆ నిర్ణయం సరైనదే. గాలి గొట్టం గుడ్డను వానాకాలం ముందు, తర్వాత మారుస్తున్నారు. ఆర్గన్ లోపలి తలుపుకి ఒక నోటు పుస్తకం వేలాడదీశాం. అందులో తేదీ, చర్చి లోపలి వేడి, నీటి పైపు అంకె, 'ఏ' స్వరం శ్రుతి రాయాలి. టీచరమ్మ ప్రతి నెలా తప్పకుండా రాస్తున్నారు. పోయిన మే నెల పేజీలో 36 డిగ్రీలు, 3 అంగుళాలు, 451 అని ఉంది.